నలభై మూడు సంతకాలు

నవంబరు 4, మంగళవారం

పొద్దున్నే మడుగు గార్డు ఫోన్ చేశాడు. ఏమీ కోయకూడని కోర్ జోన్‌లో ఒకావిడ తుంగ కోస్తూ దొరికిందట. కొడవలీ చిన్న పడవా స్వాధీనం చేసుకుని కేసు రాశాడట. కొత్త ఆర్డరు వచ్చాక మన మొదటి కేసు సార్ అన్నాడు, బహుమతి వచ్చినట్టు.

ఎవరన్నాను. చాపలమ్మ అన్నాడు. గట్టు మీది ఊళ్ళో చాపలు అల్లే ఆడవాళ్ళకి పెద్ద దిక్కు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

సరేనని పెట్టేశాను.

నవంబరు 5

నా గదిలో గోడ మీద మ్యాప్ ఉంది. రెండు అడవులు, ఒక గడ్డికొండ, ఏరు సముద్రంలో కలిసే చోటు, మడుగు. ఐదింటినీ ఒకే నెట్‌వర్క్‌గా, చుట్టుపక్కల ఊళ్ళ సమ్మతితో కాపాడాలి. పదకొండేళ్ళ పని. మేనేజర్‌ని నేను.

సరిహద్దు గీతలన్నీ వాగుల్ని బట్టి, నడకదారుల్ని బట్టి వంకర్లు తిరుగుతాయి. మడుగు ఉత్తరపు ఒడ్డున మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. స్కేలు పెట్టే గీశారు. తుంగ మొత్తం గీత లోపల పడింది.

నవంబరు 7, శుక్రవారం

చాపలమ్మ ఆఫీసుకి వచ్చింది. నేను అద్దాల పార్టిషన్ ఇవతల ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. అవతల మా జూనియర్ మాట్లాడింది. మంచి పిల్ల. పెద్దమ్మా కూర్చోండి అని కుర్చీ వేసింది. మీ ఊరే ఒప్పుకుంది కదా, నలభై మూడు మంది సంతకాలు పెట్టారు అంటూ ఏప్రిల్ 12 మీటింగ్ కాగితం చూపించింది.

చాపలమ్మకి చదువు రాదు. కానీ ఒక సంతకం మీద వేలు పెట్టి, ఇది మా ఆయనది అంది. రాత్రిబడిలో నేర్చుకున్నాడట, ఎప్పుడూ మెట్లెక్కినట్టు పైకే పోతుందట ఆయన సంతకం. తారీకు మళ్ళీ చదవమంది. జూనియర్ చదివింది.

మా ఆయన ఫిబ్రవరిలో పోయాడు కదమ్మా అంది. ఏప్రిల్లో మీ మీటింగ్‌కి వచ్చాడా? అంత దూరం వచ్చినవాడు, ఇంటికొచ్చి నాకో మాట చెప్పిపోవద్దా?

బయట క్యూలో ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. జూనియర్ నా వైపు చూసింది. నేను ఫైల్లో పేజీ తిప్పాను.

నవంబరు 8

ఆ మీటింగ్ జరగలేదు.

నవంబరు 10, సోమవారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

ఆ సంతకాలు అంతకుముందు డిసెంబరులో పెట్టినవి. ఆ రోజు మీటింగ్ నిజంగానే జరిగింది. తుంగ గీతకి బయటే ఉంటుంది, నాదీ పూచీ అన్నాను. ఆ మాట మీద పెట్టారు. తర్వాత పైవాళ్ళు గీత నిటారు చేశారు, కొలతకి తేలిక అని. ఆ సంగతి ఊరికి చెప్పి మళ్ళీ సమ్మతి తీసుకోవాలి. ఏప్రిల్ 15 గడువు. నేను పాత హాజరు పట్టీకి కొత్త తారీకు కాగితం కుట్టి పంపాను. వాళ్ళు వద్దన్నదానికే ఒప్పుకున్నట్టయింది.

డైరెక్టర్ ఫోన్ చేశాడు. జూనియర్ చెప్పినట్టుంది. కంగారు పడకండి అన్నాడు. అప్పుడు మీ ఆవిడ ఆస్పత్రిలో ఉంది, మీరు మీలో లేరు, కాగితాలు తారుమారయ్యాయని రాసేయండి, ఎవరేమంటారు, అన్నాడు.

థాంక్యూ సార్ అన్నాను. పైగా థాంక్యూ.

నవంబరు 11

ఆఫీసంతా మెత్తగా ఉంది నాతో. అకౌంటెంట్ భుజం తట్టాడు. జూనియర్ సారీ చెప్పింది, మీ పరిస్థితి తెలియక డైరెక్టర్‌కి చెప్పేశాను సార్ అని. పర్లేదమ్మా అన్నాను.

నవంబరు 12

పాపం అంటున్నారు. పోయిన భార్య చాటున నిలబడ్డాను.

నవంబరు 16, ఆదివారం

ఏప్రిల్ 12. ఉన్నదున్నట్టు.

ఆ రోజు మా ఆవిడ బాగానే ఉంది. దిండుకి ఆనుకుని కూర్చుని, జడ వేసుకోవడానికి జుట్టేదీ అని నర్సుతో జోకులేసింది. రెండు ఇడ్లీలు తింది. మీటింగ్‌కి వెళ్ళండి అంది. నేను కదల్లేదు. వాళ్ళేమన్నా కొరుక్కు తింటారా మిమ్మల్ని, మాట ఇచ్చినవాళ్ళు మాట తప్పాల్సొస్తే ఎదురుగా వెళ్ళి చెప్పాలి, మగాడు మంచం పక్క దాక్కుంటే ఎలా అంది. నవ్వుతూనే అంది.

బయల్దేరాను. రైల్వే గేటు పడి ఉంది. ఇంజను ఆపాను. గూడ్సు వెళ్ళింది, గేటు లేచింది. వెనక లారీవాడు హారన్ కొట్టి, తిట్టి, పక్కనుంచి పోయాడు. చాపలమ్మ మొగుడు డిసెంబరులో నా చెయ్యి పట్టుకుని, సార్ మాటంటే రిజిస్ట్రీ కాగితమే అన్నాడు. ఆయన పోయిన సంగతి నాకప్పటికి తెలీదు. ఆయన మొహమే చూడలేననుకున్నాను. గేటు దగ్గర చెట్టు నీడన రెండు గంటలు కూర్చున్నాను. నాలుగింటికి ఆస్పత్రికి తిరిగొచ్చాను.

మే 1న పోయింది. పంతొమ్మిది రోజుల తర్వాత. ఏప్రిల్ 12కీ మే 1కీ సంబంధం లేదు. నేనే కలిపాను.

నవంబరు 17

ఉత్తరం రాశాను. పేజీన్నర. కాగితాలు తారుమారు కాలేదు, నేనే మార్చాను. నా భార్య అనారోగ్యం కారణం కాదు. ఆ వాక్యం నాలుగుసార్లు కొట్టేసి నాలుగుసార్లు రాశాను.

డైరెక్టర్ చదివి కళ్ళజోడు తీశాడు. ఐదు ప్రాంతాలకీ ఆర్డరు ఒక్కటే, ఒక సమ్మతి దొంగదంటే ఐదూ కూలతాయి, చాప కోసం ఇల్లు తగలబెట్టుకుంటావా అన్నాడు. మిగతా నాలుగూళ్ళ సమ్మతులూ నికార్సైనవే సార్, మళ్ళీ అడిగినా ఇస్తారు అన్నాను. ఇంక అడగడానికి నువ్వుండవు కదా అన్నాడు.

అదీ నిజమే.

డిసెంబరు 9, మంగళవారం

ఆర్డరు నిలిపేశారు. మడుగు గీత మళ్ళీ గీయాలి, ఊరిని కూర్చోబెట్టి. చాపలమ్మ మీద కేసు కొట్టేశారు. నా మీద విచారణ, సస్పెన్షన్. తాళాలు జూనియర్‌కి ఇచ్చాను. తీసుకుంది. ఈసారి సారీ చెప్పలేదు. నయం.

డిసెంబరు 11, గురువారం

బస్సులో గట్టు మీది ఊరికి వెళ్ళాను. చాపల షెడ్డులో పాతికమంది దాకా పోగయ్యారు. నిలబడే చెప్పాను అంతా. మధ్యలో ఒక పెద్దాయన, పోనీలెండి సార్, ఇంట్లో మనిషి అలా ఉంటే ఎవరి బుర్ర పనిచేస్తుంది అన్నాడు. లేదండీ, ఆ రోజు బాగానే ఉంది, ఇడ్లీ తింది అన్నాను. ఇంకెవరూ పాపం అనలేదు.

ఒకామె, అయితే మా సంతకాలు మాకిచ్చేయండి అంది. ఫైల్లో ఉన్నాయన్నాను. కొత్త మీటింగ్ అంటున్నారు కదా, ఇంక మేం దేనిమీదా సంతకం పెట్టం, ఎవరొచ్చి అడిగినా సరే అన్నాడు ఒక పడవ మనిషి. చాలామంది ఔనన్నారు. జూనియర్ ఏం చేస్తుందో. సంతకాలు లేకుండా గీత కదలదు. బాగుచేయడానికి కూడా దారి మూసేశాను.

చాపలమ్మ అంతసేపూ అల్లుతూనే ఉంది. తల ఎత్తలేదు.

డిసెంబరు 11, బస్సులో

బస్సు దాకా చాపలమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను.

ఆ రోజు తిరిగెళ్ళాక అమ్మగారు అడగలేదా, మీటింగ్ ఏమైందని? అంది.

అడిగిందన్నాను.

ఏం చెప్పావు బాబూ?

అందరూ ఒప్పుకున్నారని చెప్పాను అన్నాను.

నమ్మిందా?

నమ్మింది.