నాలుగో నిమిషంలో ఆపేశారు

అక్కా,

నిన్న నువ్వూ పిల్లలూ రేడియో ముందు ఎంత ఆశగా కూర్చున్నారో నాకు తెలుసు. బావ పనిచేసిన మిల్లు మూతపడకముందు అక్కడి మరమగ్గాల హోరు, తలుపుల కిర్రు, కార్మికుల దగ్గులు రికార్డు చేసి, పాటా వ్యాఖ్యానమూ లేకుండా పావుగంట కార్యక్రమం అల్లాను. నాలుగో నిమిషానికే శ్రోతలు "స్టేషన్ పాడైందా?" అని ఫోన్లు చేశారట. డ్యూటీ ఆఫీసరు హడలిపోయి ఆపేసి పాటలు వేశాడు.

"ఈ గోల ఎవడు వింటాడ్రా?" అంటూ బావ నవ్విన నవ్వు పదో నిమిషంలో ఉంది.

ఇవాళ ఆ ఆఫీసరును టేపు అడిగితే, "చెత్తనుకుని దానిమీద వార్తలు రికార్డు చేసేశామండీ" అన్నాడు. ఇంకో కాపీ లేదు. పోయిన మనిషి గొంతు మిగిలింది అందులోనే. నీకు ముఖం చూపించలేక ఉత్తరం రాస్తున్నాను. పిల్లలకు నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నీ తమ్ముడు