పెద్దల్లుడు రాని పండగ

రెంటచింతల,
డిసెంబరు 27.

జోజిరెడ్డి అన్నయ్యకి,
మన అత్తగారింటి నుంచి మీ తోడల్లుడు రాసేది.

మీరు ఫోన్ ఎత్తట్లేదు కాబట్టి ఈ ఉత్తరం. పోయిన క్రిస్మస్‌కి మీరు వండిన బిరియానీ మాడిందని మామయ్య చుట్టాలందరి ముందు తిట్టారు. అది తప్పే. కానీ మీరు అలిగి ఈసారి రాకపోయేసరికి శిక్ష నాకు పడింది. డాబా మీద నక్షత్రం కడితే, "పెద్దల్లుడైతే ఇట్టా వంకరగా కట్టడు" అన్నారు. చర్చిలో పాడితే, "జోజి గొంతే వేరు" అన్నారు. అత్తయ్యయితే మాంసం కూర వడ్డిస్తా మిమ్మల్ని తలుచుకుని ఏడ్చింది. ఇంక నాకు ముద్ద దిగితే ఒట్టు.

నిన్న మామయ్య బస్టాండులో నిలబడి, మీ మాచర్ల బస్సు దిగే వాళ్లందర్నీ చూస్తున్నారు. ఎవరి కోసమని అడిగితే కసిరారు. ఇంటికొచ్చే దారిలో మాత్రం, "నోరు జారానని నా నోటితో చెప్పలేనయ్యా, నువ్వు రాయి. నేను రాయమన్నట్టు రాయమాక" అన్నారు.

రాసేశాను. దాచే ఓపిక నాకు లేదు. కొత్త సంవత్సరం నాడు చర్చిలో పూజకి వదినని తీసుకుని రండి. ఇద్దరల్లుళ్ల తిట్లు నేనొక్కణ్ణే తినలేను.

మీ తమ్ముడు.