వడగళ్ళ భవనం

ప్లమ్ క్రాసింగ్, నెబ్రాస్కా
ఏప్రిల్ 9, 1989

ప్రియమైన వెండెల్,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని కంగారు పడకు. ఫోన్‌లో నువ్వు నాతో కూడా ఓటరుతో మాట్లాడినట్టే మాట్లాడతావు. మొన్న "తప్పకుండా పరిశీలిస్తాను" అన్నావు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన పెళ్ళాం మాటని పరిశీలించేదేమిటి? కాగితం మీదైతే నువ్వు కాస్త మనిషిలా ఉంటావు.

సంగతేమిటంటే, మన ఊళ్ళోని మాజీ సైనికుల ఆసుపత్రిలో డయాలిసిస్ వార్డు మూసేస్తున్నారు. యంత్రాలు పాతబడ్డాయట, పైకప్పు కారుతోందట, బాగుచేయించడానికి డబ్బు లేదట. సెప్టెంబరు ఆఖరు దాకా నడిపి, ఆ తర్వాత అందరినీ ఒమాహా వెళ్ళమంటారట. పోయినేడు డాక్టరుని బదిలీ చేసి, ఆ కుర్చీలో ఇంకెవరినీ వెయ్యనప్పుడే నాకు అనుమానం వచ్చింది. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే.

నోటీసు చదివి మా తమ్ముడు ఆరిన్ ఏమన్నాడో తెలుసా? "వారానికి మూడుసార్లు నాలుగు గంటలు పోయి, నాలుగు గంటలు రావడం నా వల్ల కాదక్కా. కొరియాలో చావకుండా వచ్చింది కారులో కూర్చుని చావడానికి కాదు. ఇక్కడ మూసిన రోజున నేనూ మానేస్తా," అన్నాడు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. డయాలిసిస్ మానేస్తే మనిషి ఎన్నాళ్ళుంటాడో నర్సుని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

ఈ ఏడే కదా నువ్వు అక్కడి సభలో ఆ ఖర్చుల సబ్‌కమిటీకి అధ్యక్షుడివయ్యావు. మాజీ సైనికుల ఆసుపత్రుల డబ్బు నీ చేతి మీదుగానే వెళుతుందని నువ్వే చెప్పావు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఆరిన్ కడబంతిలోనే కూర్చుని ఉన్నాడు. చూడు.

నీ
వెర్లా

వాషింగ్టన్
మే 4

ప్రియమైన వెర్లా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వడ్డించేవాణ్ణి నేనే, నిజమే. కానీ వండేది నేను కాదు.

ఏడాదికి మొత్తం ఎంత ఖర్చు పెట్టవచ్చో ముందు సభ తేలుస్తుంది. ఆ మొత్తం మా పెద్ద కమిటీకి వస్తుంది. దాన్ని మా పెద్దాయన, చైర్మన్ టాల్బర్ట్, పదమూడు సబ్‌కమిటీలకి పంచుతాడు. ఆ పదముగ్గురు అధ్యక్షుల్నీ ఇక్కడ కార్డినల్స్ అని పిలుస్తారు, మేమేదో పోపుగారి కొలువులో ఉన్నట్టు. మేమంతా బల్ల చుట్టూ కూర్చుని కొట్టుకుంటామని బయటివాళ్ళు అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. టాల్బర్ట్ ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, మడిచిన చీటీ ఒకటి చేతిలో పెడతాడు. అందులో ఒక్క అంకె ఉంటుంది. చూసుకుని జేబులో వేసుకోవాలి. పక్కవాడి చీటీ అడగడం మర్యాద కాదు.

నా చీటీ చూసి, "ఇది చాలదండీ," అన్నాను.

"ఎవరికీ చాలదు వెండెల్. చాలేటట్టుంటే ఇక నేనెందుకు?" అన్నాడు. పళ్ళెంలోంచి ఇంకో రొట్టె తీసి మధ్యలో పంది మాంసం ముక్క పెట్టుకుంటూ, "ఒక్కటే అడుగుతాను. ఈ గీత దాటాలని ఎవడు లేచినా సరే, నువ్వు లేవాలి. మీ అమ్మే అడిగినా సరే," అన్నాడు.

ఇక్కడి కట్టుబాటు అది. చీటీలోని అంకె దాటించే సవరణ ఎవరైనా తెస్తే, సభలో ఒక్కరు లేచి అభ్యంతరం చెబితే చాలు, అది పడిపోతుంది. ఎవరూ లేవకపోతే చెల్లిపోతుంది. అందుకని ఆ సబ్‌కమిటీ అధ్యక్షుడే లేవాలని ఆనవాయితీ. నేను లేవకపోతే రేపు పదముగ్గురి గీతలూ చెరిగిపోతాయి. మాట ఇచ్చాను.

నా కుండలో నీ ఆసుపత్రి ఒక్కటే లేదు. పేదల ఇళ్ళు, ఊళ్ళ మురుగునీటి పనులు, రాకెట్లు, సైన్సు పరిశోధన అన్నీ అందులోనే. ఆరిన్‌కి ఒక గరిట వేయాలంటే ఇంకెవరి కంచంలోంచో తీయాలి. ప్రతి కంచం వెనకా ఒకడు కాపలా ఉన్నాడు. అయినా ప్రయత్నిస్తాను.

ఒక మంచి కబురు. మన కాలేజీలో వడగళ్ళ పరిశోధన కోసం అడిగిన భవనానికి నా బిల్లులో చోటు దొరికింది. దానికి నా పేరు పెడతామని కాలేజీ ప్రెసిడెంటు పట్టుబడుతున్నాడు. అక్టోబరులో శంకుస్థాపన. ఆ బూడిదరంగు సూటు నడుము దగ్గర బిగుతైంది, కాస్త దర్జీకి ఇచ్చి ఉంచు.

ప్రేమతో
వెండెల్

ప్లమ్ క్రాసింగ్
మే 15

ప్రియమైన కార్డినల్‌గారికి,

సూటు దర్జీకి ఇచ్చాను. గుడ్డ మిగల్లేదు, నువ్వే కాస్త తగ్గితే మంచిదన్నాడు.

వడగళ్ళని పరిశోధిస్తే అవి పడటం మానేస్తాయా? మా నాన్న పరిశోధన ఏమీ చేయకుండానే చెప్పేవాడు, అవి పంట బాగా ఉన్న ఏడే పడతాయని. సరే, పెద్ద పెద్ద విషయాలు నాకేం తెలుస్తాయి.

ఆదివారం చర్చి విందులో పాస్టరు గారి భార్య కేకు కోసింది. నలభై మంది, ఒక్క కేకు. అందరికీ సమానంగానే కోసింది కానీ, కత్తికి అంటుకున్న క్రీము మాత్రం తన మొగుడి పళ్ళెంలోనే గీకింది. నేను చూశానని చూసి నవ్వింది. కోసేవాళ్ళకి ఆ మాత్రం ఉంటుందిలే అనుకున్నాను. మన ఇంటికి ఆ మాత్రం కూడా రాదన్నమాట.

గురువారం ఆసుపత్రి దగ్గర ఊరివాళ్ళు మీటింగ్ పెట్టుకున్నారు. పక్క నియోజకవర్గం నుంచి సభకి గెలిచిన ఆ కొత్తమ్మాయి నదీన్ కుబిక్ వచ్చింది. మీ పార్టీ కాదు, తెలుసు. కానీ వచ్చింది. వార్డులో ప్రతి మంచం దగ్గరా కూర్చుంది. ఆరిన్ ఆమెకి తన కుక్క డచెస్ గురించి అరగంట చెప్పాడు, పాపం విన్నది. కేకు సంగతి నేనూ చెప్పాను.

ఇక నిన్ను నేనేమీ అడగను. ఒకసారి అడిగాను కదా.

వెర్లా

వాషింగ్టన్
జూన్ 22

ప్రియమైన వెర్లా,

నువ్వు అడగనన్నప్పుడే నాకు భయం. అడిగితే కనీసం ఏం కావాలో తెలుస్తుంది.

ఈ రోజు సబ్‌కమిటీలో బిల్లు పూర్తయింది. వార్డుకి డబ్బు పెట్టలేకపోయాను. పేదల ఇళ్ళలో తీస్తే పెద్ద నగరాలవాళ్ళు ఓటు వెయ్యరు. రాకెట్లలో తీస్తే నా పక్కన కూర్చునే రోలండ్ వెయ్యడు, వాడి ఊరు బతికేదే దాని మీద. నాలుగుసార్లు మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చూశాను. చివరికి బిల్లుతో పోయే నివేదికలో ఒక వాక్యం రాయించాను. ప్లమ్ క్రాసింగ్ వార్డు విషయాన్ని సానుభూతితో పరిశీలించవలసిందిగా కోరుతున్నాం అని. ఇలాంటి వాక్యాలు ఒక్కోసారి పనిచేస్తాయి.

నువ్వు ఏమంటావో నాకు తెలుసు. అనాల్సింది అను, పడతాను.

జూలై 18న బిల్లు సభకి వస్తుంది. ఆరిన్‌కి నా మాటగా చెప్పు, ఏదో ఒకటి చేస్తానని.

వెండెల్

ప్లమ్ క్రాసింగ్
జూలై 5

వెండెల్‌కి,

నీ మాటగా చెప్పాను. ఆరిన్ తల ఊపాడు.

నిన్న డచెస్‌ని తీసుకెళ్ళి మన పక్క ఫారం లిండ్‌క్విస్ట్ వాళ్ళకి ఇచ్చేశాడు. దాని దుప్పటి, గిన్నె, అది నమిలి పాడుచేసిన ఆ బంతి కూడా. "ఇప్పుడే అలవాటు పడితే మంచిది, చలికాలంలో కొత్త ఇల్లంటే దానికి కష్టం," అన్నాడు. ఇంటికొచ్చి వరండాలో దాని వెంట్రుకలు ఊడ్చాడు.

నాకు చాలా భయంగా ఉంది వెండెల్. వాడు నిజంగానే సర్దుకుంటున్నాడు.

వెర్లా

ప్లమ్ క్రాసింగ్
జూలై 18

వెండెల్‌కి,

ఈ రోజు మంగళవారం, ఆరిన్ డయాలిసిస్ రోజు. వార్డు టీవీలో సభ పెట్టించాను. వార్డులోని రోగులు ఆరుగురూ యంత్రాలకి తగిలించుకుని చూస్తున్నారు. నర్సులు కూడా వచ్చి నిలబడ్డారు.

నదీన్ లేచి వార్డుకి డబ్బు కలపాలని సవరణ చదివింది. బాగా మాట్లాడింది. కేకు కోసిన కత్తి సంగతి కూడా చెప్పింది, సభలో నవ్వారు. ఆమెని పంపింది నేనే. ఆ కత్తి మాట విన్నప్పుడే నీకు తెలిసి ఉంటుంది, నీ మొహం చూశాను. ఎవరూ లేవకపోతే చెల్లిపోతుందని నువ్వే రాశావు కదా. సభంతా కూర్చునే ఉంది. ఒక్కడంటే ఒక్కడు లేవలేదు.

నువ్వు లేచావు.

"ఈ సవరణ మా సబ్‌కమిటీకి కేటాయించిన పరిమితిని దాటుతోంది. అభ్యంతరం చెబుతున్నాను." అంతే. పైన కూర్చున్నాయన సుత్తి కొట్టాడు. అయిపోయింది.

వార్డులో ఎవరూ నా వైపు చూడలేదు. అందరికీ తెలుసు నేను ఎవరి పెళ్ళాన్నో. ఆరిన్ ఒక్కడే మాట్లాడాడు. "బావ గొంతు బాగానే ఉంది. జలుబు తగ్గినట్టుంది," అన్నాడు. నా పరువు కాపాడటానికి అన్నాడు ఆ మాట.

సాయంత్రం నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. నువ్వేనని తెలుసు. ఎత్తను. టీవీ కూడా తీసి గోడ వైపు తిప్పాను. నువ్వు మాట నిలబెట్టుకున్నావు, సంతోషం. కాకపోతే ఆ టాల్బర్ట్ ముసలాయనకి ఇచ్చిన మాట నిలబెట్టావు, మా తమ్ముడికి ఇచ్చినది కాదు.

వెర్లా

వాషింగ్టన్
జూలై 19

ప్రియమైన వెర్లా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తకపోవడం న్యాయమే. ఇది చింపెయ్యకుండా చివరి దాకా చదువు.

నిన్న కత్తి మాట వినగానే నువ్వే అని తెలిసింది. నీ మొహం కళ్ళ ముందుకి వచ్చింది. అయినా లేచాను. కాళ్ళు వాటంతటవే లేచాయని చెబితే అబద్ధం, నేనే లేచాను. ఇచ్చిన మాట ఒకటి, రెండోది ఆ గీత నిజంగానే అవసరం. రేపు ఇంకొకడు వాడి బావమరిది కోసం లేస్తాడు.

ఆ తర్వాత కింద క్యాంటీన్‌లో బీన్స్ సూప్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. నదీన్ వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీ ఆవిడే పంపింది నన్ను. ఆ సంగతి మీకు తెలియాలని చెబుతున్నాను," అంది.

"తెలుసమ్మా. కూర్చో," అన్నాను. "నువ్వు తప్పు పద్ధతిలో తెచ్చావు. కుండలోకి ఇంకాస్త పొయ్యమన్నావు. అలా కుదరదు. లోపల ఉన్నదాంట్లోంచి ఎవరి నుంచి తీసి ఎవరికి పెట్టాలో చెప్పు. ఎంత పెంచితే అంత తగ్గించు. అప్పుడు గీత దాటదు, నేను లేవాల్సిన పని ఉండదు."

"ఎవరి నుంచి తియ్యను? అందరికీ కాపలా ఉంది కదా, మీకు తెలియనిదా?"

బిల్లు కాగితం తీసి ఒక వరస మీద వేలు పెట్టాను. అది వడగళ్ళ భవనం. ఆ పిల్ల కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "దానికి కాపలా ఎవరు?" అని అడిగింది.

"నేనే," అన్నాను. "రేపు ఆ కాపలాకి సెలవు."

ఈ రోజు పొద్దున ఆమె ఆ సవరణ తెచ్చింది. భవనం తీసెయ్యాలి, ఆ డబ్బంతా ప్లమ్ క్రాసింగ్ వార్డుకి పెట్టాలి. సభంతా నా వైపు తిరిగింది. లేచి, "సబ్‌కమిటీ అంగీకరిస్తోంది," అన్నాను. ఇంకెవరూ లేవలేదు. సొంత ముద్దే తీసి పెడుతుంటే ఎవడు మాత్రం ఏమంటాడు. బయటికి వస్తుంటే టాల్బర్ట్ భుజం మీద చెయ్యి వేసి, "గీత దాటలేదు. పైసభ సెనేట్ వాళ్ళతో కూర్చుని బిల్లు ఖాయం చేసేటప్పుడు దాని జోలికి ఎవరినీ రానివ్వను," అన్నాడు. ఆయన అలా అంటే అయినట్టే.

నువ్వు అడగబోయేది ముందే చెబుతాను. నాలుగుసార్లు వేలు పెట్టి చూశానని రాశాను కదా. నాలుగుసార్లూ ఆ వరస దగ్గరికి వచ్చాను. ప్రతిసారీ నా పేరున్న భవనం కళ్ళకి కట్టినట్టు కనబడి, వేలు కిందికి జరిగిపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను. ఆరిన్ కుక్కని ఇచ్చేసిన తర్వాత కూడా వెతికాను. సిగ్గుగా ఉంది వెర్లా.

నీ
వెండెల్

ప్లమ్ క్రాసింగ్
జూలై 25

ప్రియమైన వెండెల్,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాది చదివి ఉంటావు. అందులో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను, అది రాసిన రోజుకి అన్నీ నిజమే. మే నెలలో చేయాల్సింది జూలైలో చేశావు, అందుకు నిన్ను తిట్టడం ఇంకా మిగిలే ఉంది. ఇంటికి వచ్చాక తిడతాను, ఉత్తరంలో తిడితే నీ మొహం కనపడదు.

కాలేజీ ప్రెసిడెంటు బజారులో నన్ను చూసి వీధి అవతలికి దాటాడు. దాటనీ. శనివారం సాయంత్రం వడగళ్ళు పడ్డాయి, పరిశోధన లేకుండానే. మన టొమాటోలన్నీ పోయాయి.

నీ ఉత్తరం ఆరిన్‌కి చదివి వినిపించాను. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, "బావకి ఆ భవనం మీద చాలా ఆశ ఉండేదక్కా," అన్నాడు. లేచి తాళాలు తీసుకున్నాడు. నేనూ ఎక్కాను. లిండ్‌క్విస్ట్ వాళ్ళ ఇంటి ముందు ట్రక్కు ఆపాడు కానీ, దిగడు. ఇచ్చిన కుక్కని మళ్ళీ ఎలా అడుగుతానని స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. డచెస్ మాత్రం ఇంజను చప్పుడుకే పరుగెత్తుకొచ్చింది. వాడు తలుపు తియ్యగానే ఎక్కి నా ఒళ్ళోంచి వాడి ఒళ్ళోకి పోయింది. లిండ్‌క్విస్ట్ ముసలామె దుప్పటి, గిన్నె, బంతి అన్నీ మూట కట్టి తెచ్చి వెనకాల పడేసింది. "అప్పుడే తెలుసు ఇది నాకు దక్కదని," అంది. ఆరిన్ ఏడ్చాడు. వాణ్ణి అలా చూసి నాకు యాభై ఏళ్ళు దాటాయి.

సూటు వచ్చింది. దర్జీ ఎక్కడి నుంచో గుడ్డ తెచ్చి నడుము వదులు చేశాడు. శంకుస్థాపన లేకపోతేనేం, థాంక్స్‌గివింగ్ పండగ విందుకి వేసుకుని రా. ఆరిన్ వస్తాడు, నదీన్‌ని కూడా పిలిచాను. నిన్ను కడబంతిలో కూర్చోబెడతాను. భయపడకు, వడ్డించేది నేనే.

నీ
వెర్లా