మాటల్లేని బొమ్మ, పైడమ్మత్త పెదవులు

1982 జూలై 6, మంగళవారం

చెప్పు డైరీ, మంత్రగత్తెల సినిమా చూడడానికి దేవుని సేవకుడు వెళ్లవచ్చా? నీకు నోరు లేదు కనుక నేనే చెబుతాను. వెళ్లవచ్చు! శత్రువు మొహం చూడనివాడు యుద్ధం గురించి ఏం బోధిస్తాడు?

పాసులు తెచ్చింది సింహాచలం. పోర్టులో నా పక్క క్రేను, కంచరపాలెంలో నా పక్క గుమ్మం. "మాటల్నేని పాత బొమ్మంట బావా. తెల్లోల్ల సిల్లంగి అంతా సూపిత్తారంట. నువ్వు పక్కనుండి సెప్పాల."

చేతబడి గురించి నేను చెప్పాలట. సరే. పరిశుద్ధ గ్రంథం చంకలో ఉండగా భయమెందుకు?

మా ఆవిడ రూతు నవ్వుతోంది. "మాటల్నేని సినిమాకి మిమ్మల్ని తీసుకెల్తన్నాడా? పాపం, ఆ మాటలన్నీ మీరే ఆడీగలరు."

జూలై 8, గురువారం

మా వీధిలో చేపలమ్మే పైడమ్మత్త వచ్చింది. గంప దించకుండానే ప్రార్థన అప్పజెప్పడం మొదలు. పద్దెనిమిదిన ఆమెకు బాప్తిస్మం. ఆ రోజు సంఘం ముందు నిలబడి, ఎవరూ అందించకుండా ప్రార్థన పలకాలి. ఈ పద్ధతి నేను పెట్టిందే. అత్తకు అక్షరం రాదు కాబట్టి నాలుగు ముక్కలు కట్టి ఇచ్చాను.

"పెబువా, నా గంప బరువు నీకెరికే. నా కాలు జారనీకు. నా ఈదిని సల్లగ సూడు..." అక్కడ ఆగుతుంది. ఎప్పుడూ అక్కడే.

"నా పగోడికి కూడా కూడెట్టు" అని అందించాను.

"పగోడికెందుకు బాబూ? ఆడి దగ్గిర నాకంటే పెద్ద గంపుంటాది!"

నవ్వు ఆపుకోలేకపోయాను. "నడిసినప్పుడల్లా అనుకో అత్తా, నోపల్నోపలే. అదే వొచ్చెత్తాది."

జూలై 10, శనివారం

చూశాను.

మద్దిలపాలెం దాటి ఏదో హాలు. మిషను గిరగిరమంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముందు పాత పుస్తకాల్లోని బొమ్మలు: కొమ్ములు, తోకలు, చీపుళ్లు. సింహాచలం మోచేత్తో పొడుస్తున్నాడు. నేను ఊపు మీదున్నాను. "చూడు, సాతాను పని చూడు" అంటున్నాను. ముందు వరసలో ఎవరో విసుక్కున్నారు.

తర్వాత ఒక ముసలమ్మ. పుల్లలు ఏరుకుంటోంది. ఊళ్లో ఎవరి ఆవో పాలివ్వదు. అంతే. ఈడ్చుకొచ్చి పెద్ద మనుషుల ముందు కూర్చోబెట్టారు. వాళ్ల ముందు గ్రంథం... నా చంకలోది లాంటిదే. బల్ల మీద ఇనప పట్టకార్లు. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. మాట లేదు. ఏమంటోంది? దాహమంటోందా? కొడుకుని పిలుస్తోందా? పెద్ద మనుషులు రాసుకుంటున్నారు, వాళ్లకు కావలసింది.

"ఏటంతంది బావా?"

ధర్మశాస్త్రంలో ఆ ఒక్క వాక్యం, మంత్రగత్తెను బతకనివ్వొద్దన్నది, ఎన్ని ఆదివారాలు కేకలేసి చదివాను!

దారంతా సింహాచలమే మాట్లాడాడు. "తెల్లోల్ల దేశంలో కూడా సిల్లంగులు ఉన్నాయంటే, ఉన్నట్టే గదా బావా."

ఒకే బొమ్మ. పక్కపక్కనే కూర్చున్నాం.

జూలై 11, ఆదివారం

ప్రేమను గురించి బోధించాను. చిన్న గొంతుతో. రూతు నుదురు తడిమి చూసింది, జ్వరమేమోనని.

జూలై 13, మంగళవారం

వాన. జ్వరం నాకు కాదు, సింహాచలం కూతురు నూకాలుకి. నాలుగేళ్ల గుంట. వెళ్లి ప్రార్థన చేశాను. కళ్లు మూసుకునే నా వేలు పట్టుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్దామంటే వాళ్లమ్మ మొగుడి వైపు చూసింది. మొగుడు గోడ వైపు.

జూలై 15, గురువారం

క్రేను దిగగానే నన్ను పక్కకు లాగాడు.

"పైడమ్మే బావా."

"ఏటి పైడమ్మే?"

"మా గుమ్మం కాడ నిలబడి పెదాలు ఆడిత్తంది. బొమ్మలో సూసినాం గదా, అచ్చం అలగే! మా ఆడది సూసింది, ఈదిలో అందరూ సూసినారు. తగరపువలస నుండి ఎజ్జోడొత్తాడు, ఆదోరం."

ఎజ్జోడంటే చిల్లంగి తీస్తానని తిరిగేవాడు. వాడొస్తే ఏం చేస్తాడో ఈ తట్టు అందరికీ తెలుసు.

"పళ్లు పీకెత్తే మంత్రం పలకదు. అంతే బావా. సంపుతామా ఏటి?"

నెమ్మదిగానే అన్నాడు. అతని కళ్లు చూశాను. నిద్ర లేదు. ఆ గుంటంటే అతనికి ప్రాణం... అందుకే భయం నాకు.

అది మంత్రం కాదు, నేను నేర్పిన ప్రార్థన అని చెప్పాను. నమ్మలేదు.

"నువ్వు మంచోడివి బావా. నిన్ను కూడా మాయ సేసీసింది."

జూలై 16, శుక్రవారం

గ్రంథంలో దొరికింది! బిడ్డ పుట్టాలని దేవాలయంలో ఏడ్చిన ఆ తల్లి. ఆమెకీ పెదవులే కదిలాయి, గొంతు వినపడలేదు. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు ఏమనుకున్నాడు? తాగి ఉందనుకున్నాడు. యాజకుడే! ఇన్నేళ్లుగా ఆ పేజీ తిప్పుతూ వెళ్లిపోయాను.

జూలై 17, శనివారం

పైడమ్మత్త దగ్గరికి వెళ్లాను. ఇక పెదవులు కదపొద్దని చెప్పడానికే వెళ్లాను.

నన్ను చూడగానే గబగబా లేచింది. కొంగు సర్దుకుంది, చేతులు కట్టుకుంది. ప్రార్థన మొత్తం చెప్పింది. పగవాడి కూడు దాకా, ఎక్కడా ఆగకుండా. చెప్పి, చిన్నపిల్లలా నా మొహంలోకి చూసింది. అన్నీ గట్టి పళ్లే ఆమెకు. ఆ నవ్వు...

"నూకాలు గుంటకి జొరం గదా బాబూ. ఆల గుమ్మం కాడ నిలబడి కూడా సెప్పీసినాను. నోపలికి రమ్మన్నేదు. పర్నేదు, దేవుడికి గుమ్మమేటి, గదేటి?"

వద్దని ఎలా చెప్పను? చెప్పలేదు. ఆదివారం ఎవరొస్తున్నారో మాత్రం చెప్పాను. గంప అంచు రుద్దుకుంటూ కూర్చుంది. తర్వాత: "మరి ఆ గుంటకి ఎలగుంది?"

మా ఇంటికి వచ్చేయమన్నాను. రాదట. తప్పు చేసినోల్లు పారిపోతారంది.

జూలై 18, ఆదివారం, ఉదయం

నూకాలుకి తగ్గలేదు. ఈరోజు బోధ సిద్ధం చేసుకుని కూర్చున్నాను, దేవాలయంలోని ఆ తల్లి గురించే. మంచి బోధ. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ గొంతు పెంచాలో అన్నీ అనుకున్నాను.

రూతు వచ్చి నిలబడింది. తల దువ్వుకుంది, చెప్పులు తొడుక్కుంది.

"నాను అత్త గుమ్మం కాడ కూకుంటాను. నన్ను దాటి ఎవుడెల్తాడో సూత్తాను. మీరు గుంటనెత్తుకుని ఆస్పత్రికి పదండి."

"ఆరాధన? అత్త బాప్తిస్మం?"

"గుంటకి జొరం ఇయ్యాలే గదా. వాక్యం ఎల్లుండి కూడా ఉంటాది."

వెళ్లిపోయింది. నా మీద కోపం కాదు. పోతూ పోతూ భుజం మీద చెయ్యి వేసి మరీ వెళ్లింది.

సింహాచలం గుమ్మంలోంచి బిడ్డను ఇస్తాడో, నన్ను నెట్టేస్తాడో తెలియదు. సంఘం నావైపు ఉంటుందో లేదో తెలియదు. సగం మంది ఈ వీధివాళ్లే...

అయినా గంట కొట్టిస్తాను. అందరూ రాగానే కూర్చోనివ్వను, ఇదే చెబుతాను. అమ్మా, అయ్యా, పాటల పుస్తకాలు మూసెయ్యండి. పైడమ్మత్త ఇంటికి నడవండి. ఈరోజు ఆరాధన ఆ గుమ్మం దగ్గరే. మంచాలు బయటికి తెచ్చి అడ్డంగా వేసి కూర్చోండి. నూకాలుని నేను ఆస్పత్రికి తీసుకెళ్తాను, రిక్షా పిలవండి ఒకరు. ఎజ్జోడు ఎక్కిన తగరపువలస బస్సు ఇంకా రాలేదు. రేపు కాదు, మధ్యాహ్నం కాదు, ఇప్పుడే లేవండి!