చివర ప్రశ్నార్థకం

ఉదయభాస్కర్ గారికి నమస్కారం.

మా ఆయన చేత క్షమాపణ రాయించమని నిన్న మీరు ఫోన్ చేసినప్పుడు నేను ఊఁ, ఊఁ అంటూ విన్నాను. ఒప్పుకున్నానని మీరు అనుకుని ఉంటారు. పెద్దవాళ్లతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదండీ. అందుకే ఈ ఉత్తరం.

వాళ్లమ్మకు ఒంట్లో బాగోలేక పుట్టింటికి వెళ్లిన ఒక టీచరమ్మ ఫొటో మీద మీ ఛానల్లో "లేచిపోయిందా?" అని పెట్టించారు. మా ఆయన, తోటి ఎడిటర్లు గవర్నర్‌పేట ఆఫీసు మెట్ల మీద ఆ వీడియో తీసేయమని రాసిన అట్టలు పట్టుకుని కూర్చుంటే పనిలోంచి ఆపేశారు.

"మేం ఆవిణ్ణి ఏమీ అనలేదమ్మా, చివర ప్రశ్నార్థకం పెట్టాంగా. మాట్లాడే స్వేచ్ఛ మాకుండదా?" అన్నారు ఫోన్లో మీరు. ఉండాలండీ. అట్ట పట్టుకున్నవాళ్లకూ ఉండాలి. పోయిన నెల నేనూ అవనిగడ్డలో మా అమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. నా ఫొటో మీద ఆ మాట పడితే, మా పటమట వీధిలో చివరి గుర్తు దాకా ఎవరు చదువుతారు?

"క్షమాపణ రాసి సంతకం పెట్టేయమంటావా?" అని రాత్రి మా ఆయన అడిగారు. వద్దన్నాను. కాగితం ఉండి తీరాలంటే, "నేను తప్పు చేశానా?" అని రాసిస్తారు. ప్రశ్నార్థకం మరిచిపోకుండా పెడతారు.

వీడియో తీసేసి కబురు చేయండి, మర్నాడే పనికి వస్తారు. నాకే ఫోన్ చేసినా ఫరవాలేదు. ఈసారి మాట్లాడతాను.

మీ ఎడిటర్ చక్రి భార్య