రెండో పిడి

అన్నయ్యా, పదకొండింటికి బడి సంగీతం మాస్టారు నా బేస్ గిటార్ పాత ఆంప్ స్పీకరు తీసుకెళ్లడానికి వస్తారు. ఆ పెద్ద పెట్టెకి ఒక పిడి ఆయన్ని పట్టుకోమను, రెండోది నువ్వు పట్టుకో. ఒక్కడివే ఎత్తావంటే మళ్ళీ నడుం పట్టేస్తుంది. దాని వైరు వంటగది సొరుగులో ఉంది, మర్చిపోకుండా ఇవ్వు.

కొత్త ఆంప్ నేను పట్టుకెళ్తున్నా. నాలుగు షాపులు తిరిగి, నా గిటార్ పెట్టి వాయించి చూసి మరీ కొన్నాను. భుజానికి తగిలించుకుని ఎంత కిక్కిరిసిన రైలైనా ఎక్కేయొచ్చు. మోత మాత్రం పాతదానిలా గుండెల్లో మోగదు. చిన్న హోటళ్లలో వాయించడానికి ఇది చాల్లే. "తేలికది కొనుక్కోవే తల్లీ, నీ పెట్టె మోయలేక చస్తున్నా" అని ఆరు నెలలు సణిగావుగా, ఇక హాయిగా కూర్చో.

నిన్న ఈ కొత్తదాన్ని నాలుగంతస్తులూ ఒక్కదాన్నే మోసుకొచ్చాను. ఆయాసం కూడా రాలేదు. అయినా మెట్ల ప్రతి మలుపు దగ్గరా అలవాటుగా ఆగాను. అక్కడ పెట్టె దింపి, ఊపిరి పీల్చుకుంటూ నీ ఆఫీసు గొడవలు చెప్పేవాడివి కదా. ఇంట్లోకి వచ్చాక నీ గది నీది, నా గది నాది. మనం మాట్లాడుకునేది ఆ మెట్ల మీదేనని పెట్టె తేలికయ్యాకే తెలిసింది.

వంట చేసి పెట్టాను, వేడి చేసుకుని తిను.

ఆరింటికి వచ్చేస్తాను. మోయడానికేమీ లేదు. అయినా కిందికి రా.