సలీం పేరు విప్పిన రోజు

బౌషర్, మంగళవారం, నవంబరు 2008

అక్షరాలు వంకరపోతున్నాయి, తప్పులు కూడా ఉంటాయి, ఏమీ అనుకోకు నా డైరీ పుస్తకమా. పొద్దుటి నుంచి సూది పట్టి వేళ్లు నొప్పిగా ఉన్నాయి.

ఇక్కడ గల్ఫ్‌లో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతికేదీ కుట్టేదీ నేనే. జట్టుకు ఇప్పుడు డబ్బు పెడుతున్న అర్బాబు, అదే ఇక్కడి యజమాని, సలీం బదులు తన మేనల్లుణ్ణి ఆడించమన్నాడట. ఆటగాడనే సలీంకు ఫీజు లేదు. జట్టులోంచి తీసేస్తే చదువూ ఆగిపోతుంది.

"సలీం బాగా ఆడతాడు గదా సార్," అన్నాను, హైదరాబాద్ నుంచి వచ్చిన మా జట్టు మేనేజరుతో.

"ఆట ఎవరు చూస్తుండ్రు చాచా? పైసలు పెట్టెటోడు ఏమంటే అదే టీమ్. చొక్కా మీద పేరు మార్చు. శుక్రవారం దాకా సలీంకు చెప్పకు, చెప్తే నీ వీసా రెన్యూ కాదు."

చొక్కా మీది పేరు కుట్లు విప్పుతుంటే సలీమే వచ్చాడు. చొక్కా ఒళ్లో దాచుకున్నాను.

"చాచా, నా షర్ట్ ఖలాసా, అయిపోయిందా? గట్టిగా కుట్టు! శుక్రవారం మ్యాచ్‌కి మా అమ్మ బర్కా ఊరి నుంచి వస్తోంది. నా ఆట ఎప్పుడూ చూడలేదు పాపం."

"కుడుతున్నా బాబూ," అన్నాను.

ఆమె వచ్చి కూర్చున్నాక తెలిస్తే...

పుస్తకమా, నిన్ను తప్ప అడగడానికి నాకెవరూ లేరు. పొద్దున సలీం చొక్కా కోసం మళ్లీ వస్తాడు. అతనికి చెప్పెయ్యనా, వద్దా? ఆలోపే జవాబు చెప్పు.